గోడ మీది బాబుకి దిష్టి చుక్క

మా క్యాంప్ 1 బస్తీలోని ఆరోగ్య కేంద్రం గోడ మీద, టీకా వేయించుకుంటున్న బాబు బొమ్మ ఈ రోజు పూర్తి చేశాను. ప్రభుత్వం పని కాబట్టి, ఆఫీసు పాస్ చేసిన డిజైన్‌లో ఒక్క గీత కూడా మారకూడదు. బ్రష్‌లు కడుక్కుంటుంటే, మనవణ్ని ఎత్తుకొచ్చిన ఒక మామ్మ గోడ ముందు ఆగింది.

“ఏటమ్మా, పిల్లడ్ని ఇంత బొద్దుగా గీసేసి రోడ్డు మీద ఒగ్గేసినావు? దిష్టి చుక్కేదీ?”

“పాస్ చేసిన బొమ్మలో లేదు మామ్మా.”

“పాసు చేసినోలకి పిల్లల్లేరేటి?”

నేను నోరు తెరిచేలోపే మనవడి బుగ్గ మీది కాటుక వేలికి అద్దుకుని, నా బాబు బుగ్గన పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. తుడిచేద్దామని గుడ్డ తీశానో లేదో, తనిఖీకి ఆఫీసు సాబ్ జీపు దిగారు.

“యే దాగ్ క్యా హై?”

ఈ మరకేంటట. పనంతా మళ్లీ మొదటికొచ్చిందనుకుంటూ జరిగింది చెప్పాను. ఆయన రోడ్డు దాటి, అటువైపు నుంచి కళ్లు చిట్లించి చూసి, అక్కణ్నుంచే కేకేశారు.

“యహాఁ సే దిఖ్ నహీఁ రహా. బడా కరో!”

అవతలికి కనిపించడం లేదట. పెద్దది చేశాను. ఇప్పుడది అప్పడమంత ఉంది.

ప్రభుత్వం మంజూరు చేసిన దిష్టి చుక్క మీరెవరైనా ఇంకెక్కడైనా చూశారా?