నేను నున్నగా చెక్కిన ఇంజను

పెంచలయ్య అంబాసిడర్ ఇంజనుకు బొక్క పెట్టింది రమణయ్య మేస్త్రి కాదు, నేను. ఈ ముక్క పైకి చెప్పడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లూ ఒక మంచి పనివాడి పేరు నా మూలంగా పాడైంది. జరిగిన ఘోరం మొత్తం చెబుతాను. నవ్వుకోండి, తప్పులేదు. కానీ మీ వాకిట్లో ఎవరైనా ఇంజను విప్పి పెట్టి ఉంటే, ముందు దానిమీద గుడ్డ కప్పి వచ్చి చదవండి.

మాది ఉదయగిరి. ఇంటిల్లిపాదీ చెక్క చెంచాలు చెక్కేవాళ్లం. డెబ్బైల చివర్లో నాకు ఇరవై రెండేళ్లు. పొగరు మాత్రం నలుగురికి సరిపడా ఉండేది. మా పనిలో గొప్పంతా పలుచదనంలో ఉంది. చెంచాను ఎండకెత్తితే లోపలినుంచి వెలుతురు లేతగా కనబడాలి. ఎప్పుడైనా బీట పడితే లక్క కరిగించి, పొట్టు కలిపి పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్దేస్తాం. చెక్కినవాడికి కూడా ఆ చోటు దొరకదు. ఈ రెండు విద్యలనూ నేను ఇనుము మీద ప్రయోగించాను.

పక్కింటి పెంచలయ్యకు టాక్సీ ఉండేది. మనుషులు నిండితే చాలు, ఎగువదారిలో అది బడికి పోనని మొండికేసిన పిల్లవాడిలా నిలబడిపోయేది. ఆత్మకూరు నుంచి రమణయ్య మేస్త్రి బస్సులో వచ్చి, వాకిట్లోనే ఇంజను హెడ్డు విప్పాడు. గాలి, పెట్రోలు లోపలికి పోయే దారులు అందులోనే ఉంటాయి. వాటిని చల్లబరిచే నీళ్లు గోడ అవతలే తిరుగుతుంటాయి. ఆ నీళ్ల సంగతి నాకు తెలియదు. తెలిసుంటే మీకు ఈ కథ దక్కేది కాదు.

రమణయ్య మసి గీకుతూ అన్నాడు: "మద్రాసులో పందెం కార్లకి ఈ దారుల్ని అద్దం మాదిరి గీకిస్తారంట పెంచలయ్యా. గాలి జారిపోతాది, బండి ఎగిరిపోతాది."

"మనకీ గీకరాదా మేస్త్రీ?"

"దానికి మిషన్లుండాయి, లెక్కలుండాయి. మనం మసి గీకితే చాల్లే. రేపు గ్యాస్కెట్ తెస్తా. అందాకా దీనిమీద ఈగని గూడా వాలనీయబాక."

ఈగ వాలలేదు. నేను వాలాను.

రమణయ్య బస్సెక్కాడు. పెంచలయ్య అన్నం తిని పడుకున్నాడు. అతని గురక ముందు నా ఆకురాయి చప్పుడు ఒక లెక్కా? సాయంత్రానికల్లా లోపలి గరుకంతా పోయింది. వేలు పెడితే వెన్నపూస! అక్కడ ఆగినా బాగుండేది. చెంచాల చెయ్యి కదా, ఇంకాస్త పలుచన చేద్దామంది. గీకాను, ఇంకా గీకాను. చివరికి ఆకురాయి మొన పుటుక్కున అవతలికి దిగింది. ఆవగింజంత బొక్క.

కంగారు పడ్డానా? లేదు. లక్క ఉంది కదా! ఇనుప పొడి కలిపి పూడ్చి, రుద్ది, చేతులు కడుక్కున్నాను.

మర్నాడు హెడ్డు ఎత్తి చూసిన రమణయ్య కళ్లు పెద్దవయ్యాయి. దొరికిపోయాననుకున్నాను.

"పెంచలయ్యా, చూడయ్యా ఈ నునుపు! నిన్న మసిలో కనబడలేదు గానీ, నా చెయ్యి ఇంత పని చేసిందా!"

"మద్రాసోళ్లు నీ దగ్గిర నేర్చుకోవాల మేస్త్రీ."

నేనూ పక్కన నిలబడి తలూపాను.

ఆ మధ్యాహ్నమే ఆత్మకూరుకు బేరం. తాంబూలాలు మార్చుకోవడానికి పోయే మగపెళ్లివారు నలుగురు వెనక, ముందు పెంచలయ్య, ఇంటికి పోయే రమణయ్య, నా పనితనం చూసుకుందామని నేను. కొంతదూరం కారు గుర్రంలా పోయింది. నేను లోలోపల మీసం మెలేస్తున్నాను. ఇంతలో పెళ్లివారిలోని రిటైరైన పోస్ట్‌మాస్టరు ముక్కు ఎగబీల్చాడు.

"ఏందయ్యా, పార్సిళ్లకి సీలేసే వాసన వస్తా ఉండాది?"

"ముప్పై ఏండ్ల అలవాటు కదా సార్, మీకు యాడున్నా అదే వాసన," అన్నాడు పెంచలయ్య.

ఆయన ముక్కు నిజం చెబుతోందని ఆ కారులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కిటికీలోంచి రాళ్లు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వెనక తెల్లటి పొగ కమ్మింది.

"పెంచలయ్యా, మేఘాల్లో తోలతా ఉండావా ఏంది?" అన్నాడు ఆయనే.

ఆత్మకూరు పొలిమేరలో కారు దగ్గింది, తుమ్మింది, ఆగింది. పళ్లేలు నెత్తిన పెట్టుకుని పెళ్లివారు నడిచారు. మేం ముగ్గురం కారును రమణయ్య షెడ్డుదాకా తోశాం.

హెడ్డు విప్పితే లక్క కరిగి ఆనవాలు లేదు. బొక్క మాత్రం నన్నే చూస్తోంది. రమణయ్య దాని అంచున వేలు పెట్టి తడిమాడు.

"నా చెయ్యే పెంచలయ్యా. నున్నగా రావాలని ఆశపడి ఎక్కువ గీకేసినాను."

నునుపు తనదేననుకున్న మనిషి బొక్క తనది కాదని ఎలా అంటాడు? నేను నోరు తెరిచాను. "దాహంగా ఉండాది," అన్నాను.

రమణయ్య వేరే హెడ్డు వెతికి తెచ్చి బిగించాడు. అయినా ఉదయగిరి టాక్సీ స్టాండులో మాట పుట్టేసింది: "రమణయ్య చెయ్యి పెడితే ఇంజను నీళ్లు తాగతాది." ఆ నవ్వుల్లో నేనూ నవ్వాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

ఎనిమిదేళ్ల తర్వాత చెంచాల మూటతో ఆత్మకూరు పోయి, అతని షెడ్డు ముందు ఆగాను. ఒక జీపు డ్రైవరు హెడ్డు విప్పమని అడుగుతున్నాడు.

"హెడ్డు పని నేను ముట్టుకోను నాయనా, నెల్లూరికి పో. నా చెయ్యి బరువు," అన్నాడు రమణయ్య, తన అరచెయ్యి చూసుకుంటూ.

డ్రైవరు జీపు తిప్పుకుంటుంటే నేనిక తట్టుకోలేకపోయాను. అంతా చెప్పేశాను. అతను స్పానరు కింద పెట్టాడు.

"బొక్క నీదా?"

"నాదే అన్నా. లక్క గూడా."

అతని మొహం వాడిపోయింది. "మరి... ఆ నునుపో?"

"అది గూడా నాదే."

"ఓరి నీ పాసుగూలా! బొక్క పోతే పోయింది. ఎనిమిదేండ్లుగా ఆ నునుపు తలుచుకొనేరా నేను ధైర్యంగా బతకతా ఉండేది!"

అని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. వెంటనే జీపు వెనక పరిగెత్తాడు: "ఓ నాయనా, నెల్లూరికెందుకు, వెనక్కి రా! హెడ్డు నేనే విప్పతా!"

జీపు పని ముగించి నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు చెప్పి ఏం లాభం? నవ్వినోళ్లకి చెప్పాల. పద బస్సెక్కు."

ఉదయగిరి స్టాండులో పెంచలయ్యతో సహా డ్రైవర్లందర్నీ పోగు చేసి, నన్ను మధ్యలో నిలబెట్టాడు. ఎనిమిదేళ్లు ఆగిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఇనండబ్బా. పెంచలన్న ఇంజను చెడగొట్టింది నేను. రమణయ్యన్న చేతిలో ఏ బరువూ లేదు, నా నోరే లేవలేదు. అన్నా, నన్ను మన్నించు. ఈ జన్మలో నోట్లో పెట్టుకునే చెంచాను తప్ప, రోడ్డుమీద తిరిగే దేన్నీ నున్నగా చెయ్యను."