వయా అమ్మ

ఒక నెట్‌వర్క్‌లో ఏ బిందువు ఎంత ముఖ్యమో కొలవడం హిజ్లీ క్యాంపస్‌లో నేను చెప్పే పాఠం. బిందువు దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెట్టడం ఒక పద్ధతి. మిగతా బిందువుల మధ్య దారులు ఎన్ని దాని మీదుగా పోతున్నాయో చూడటం ఇంకో పద్ధతి. రైల్వే ఊళ్లో పుట్టినవాణ్ణి కనుక నాకు రెండోదే ఇష్టం. బోర్డు మీద ఖరగ్‌పూర్ జంక్షన్ గీస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. అయోమయమంతా నేను వివరించడం మొదలుపెట్టాకే.

నిజానికి ఆ రెండో పద్ధతి నేను నేర్చుకున్నది అదే ఊళ్లో, నిమ్‌పురాలోని మా వరండాలో. అమ్మకు ఇద్దరు తమ్ముళ్లు. ఇద్దరూ రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. ఏదో పెళ్లి భోజనాల దగ్గర మాటామాటా వచ్చి, నా చిన్నప్పటి నుంచీ వాళ్ల మధ్య పలకరింపుల్లేవు. అయినా రోజూ సాయంత్రం ఇద్దరూ అమ్మ దగ్గరికే టీకి వచ్చేవారు. ఒకే బల్ల మీద కూర్చునేవారు.

“అప్పా, ఆడికి సెప్పు, గ్యాస్ బండి వచ్చినాదని,” అనేవాడు చిన్న మావయ్య అమ్మతో.

“ఇనబడినాదని సెప్పప్పా,” అనేవాడు పక్కనుంచే పెద్ద మావయ్య.

“ఇద్దరికీ సెప్పినాను. టీ సల్లారిపోతంది, తాగండర్రా,” అనేది అమ్మ, వంకాయలు తరుగుతూ.

ఆమెను తీసేస్తే ఆ నెట్‌వర్క్ రెండు ముక్కలవుతుంది. నేను పరీక్షలో అడిగే ప్రశ్నే. అమ్మ పోయిన రోజు మాత్రం ఆ జవాబు తెలియకపోతే బాగుండుననిపించింది.

సమాధుల దగ్గర అమ్మ పెట్టెను గోతిలోకి దించేటప్పుడు ఒక పక్క తాడు పెద్ద మావయ్య, ఎదుటి పక్క తాడు చిన్న మావయ్య పట్టుకున్నారు. సగం దిగాక పెట్టె ఒరిగింది.

“అప్పా,” అన్నాడు చిన్న మావయ్య, పెట్టెనే చూస్తూ. “ఆడికి సెప్పు, తాడు కాస్త వదలమని.”

పెద్ద మావయ్యకు వినబడింది. కానీ ఏళ్ల అలవాటు, అమ్మ చెప్పాలి కదా. తనూ పెట్టెనే చూస్తూ ఆగిపోయాడు. పాస్టరుగారు ప్రార్థన ఆపేశారు.

“పెద్ద మావయ్యా, తాడు కాస్త వదలమంటున్నాడు,” అన్నాను.

వదిలాడు. అమ్మ నిదానంగా దిగింది.

తిరుగు దారిలో బ్యాటరీతో నడిచే టోటో రిక్షా ఎక్కి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. క్యాంపస్‌లో నా మీదుగా పోయే దారంటూ ఏదీ లేదు, సెలవు చీటీలకు తప్ప. ఇక్కడ ఒక్క పూటలో ఎంత ముఖ్యుణ్ణయిపోయానో!

“అల్లుడూ,” అన్నాడు చిన్న మావయ్య బయటికి చూస్తూ, “పొద్దుట్నుంచి ఆడేటీ తినలేదు. రెండు ముద్దలు తినమని సెప్పు.”

“అప్ప లేకుండా ఏటి తింతానని సెప్పు,” అన్నాడు పెద్ద మావయ్య.

చెబుదామని ఇటు తిరిగాను. ముందు కళ్లు తుడుచుకున్నాను. నేను చెప్పేదాకా చిన్న మావయ్య ఎదురుచూస్తూనే ఉన్నాడు.