పిట్ట ముట్టని విస్తరి

నా చిన్నప్పుడు మా తాతయ్య చనిపోయిన మూడో రోజు పిట్ట ముట్టలేదు. మా వైపు ఆ రోజున పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, సమాధి దగ్గర ఉంచి దూరంగా కూర్చుంటారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక ఉండిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే లేచి, దండం పెట్టి, ఆ కోరిక మేం తీరుస్తామని మాట ఇవ్వాలి. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినకూడదు.

తాతయ్య కోరిక ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు. శంషాబాద్ పక్కన మా ఊరున్న చోట విమానాశ్రయం వచ్చింది. మమ్మల్ని దాని గోడకు ఇవతల కొత్త కాలనీకి తెచ్చారు. విమానాలు దిగడం మొదలైన ఏడాదంతా తాతయ్య డాబా మీద కూర్చుని, ఇది మన బాయి మీద దిగింది, అది మన కళ్లం తొక్కింది అని నాతో చెప్పేవాడు. విమానానికేం తెలుసు తాతా అని నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. ఆ మరుసటి ఎండాకాలం మంచం పట్టి, వానలు పడకముందే పోయాడు.

కాలనీ శ్మశానం కూడా ఆ గోడ పక్కనే. విస్తరిలో నాటుకోడి కూర, గారెలు పెట్టారు. పక్కన కల్లు సీసా, ఆయన తాగే బీడీలు ఉంచారు. కాకులు రాకపోలేదు. వచ్చి కంచె మీద వాలేవి. అంతలో గోడ అవతల ఢామ్మని చప్పుడయ్యేది. విమానాలకు పక్షులు అడ్డం రాకుండా అక్కడ పటాకులు పేల్చి బెదరగొడతారు. కాకులన్నీ లేచిపోయేవి. ఆ సంగతి మా పెద్దవాళ్లందరికీ తెలుసు. అయినా ఎవరూ పైకి అనలేదు, తప్పంతా తీరని కోరిక మీదే వేశారు.

చిన్నాయన లేచి నాయనమ్మను బాగా చూసుకుంటానన్నాడు. మేనత్త ఏటేటా వచ్చి దీపం పెడతానంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. చిన్నపిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. చివరికి తాతయ్య పెద్దకొడుకు, మా బాపు వెళ్లి సమాధి ముందు మోకరిల్లాడు.

"మన ఊరు మల్ల తెచ్చుకుంటం నాయినా. నిన్ను మన చెల్క భూమికే తీసుకపోత. జర ముట్టు" అన్నాడు.

అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనైతే నమ్మేశాను. ఊరు మళ్లీ వస్తుందని లోలోపల సంతోషపడ్డాను కూడా.

అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న నాయనమ్మ లేచింది.

"బతికున్నప్పుడు ఆయనకు అందరు మాటలిచ్చిన్రు బిడ్డా. సచ్చినంక గూడ అబద్ధమెందుకు చెప్తవ్" అంది బాపుతో.

తర్వాత విస్తరి ముందు కూర్చుని, తాతయ్య మంచం మీద ఉన్నప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. "మన ఊరు ఇగ రాదు. నాకు గూడ పానం కొట్టుకుంటున్నది గని, రాదు. నువ్వు పో. పిల్లలకు ఆకలైతున్నది."

పిట్ట అప్పుడు కూడా ముట్టలేదు. ముట్టిందని చెప్పగలిగితే నాకూ బాగుండేది. నాయనమ్మ విస్తరి అక్కడే వదిలేసి, మమ్మల్ని ఇంటికి తోలుకొచ్చి, కాళ్లు కడిగించి, ముద్దలు కలిపి పెట్టింది. పెడుతున్నంతసేపూ ఆమె కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. చేయి ఎంగిలి కాబట్టి తుడుచుకోలేదు. ఊరు నిజంగానే పోయిందని నాకు ఆ పూట తెలిసింది. అన్నం మింగుతూ నేనూ ఏడ్చాను.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. నిలబెట్టుకోలేని మాట వాళ్లకైనా ఇవ్వలేను, కఠినమైన మనిషినని పేరు కూడా తెచ్చుకున్నాను. పోయినేడు బాపు దవాఖానలో ఉన్నప్పుడు, చూడొచ్చిన వాళ్లంతా నాలుగు రోజుల్లో ఇంటికి పోతావని చెప్పి వెళ్లేవాళ్లు. ఒక సాయంత్రం ఆయన నా చేయి పట్టుకుని, నువ్వు చెప్పు బిడ్డా అన్నాడు. నాకూ వాళ్ల మాటే నోటిదాకా వచ్చింది.

"ఇంటికి పోవు బాపూ. నేను ఈడనే ఉంట" అన్నాను.

అన్ని రోజుల్లో మొదటిసారి ఆయన తనకు భయమవుతోందని చెప్పాడు. తెల్లారేదాకా నా చేయి వదల్లేదు.