పత్తికొండ చూడని టమోటా యాప్

నాకు కప్పిన శాలువాను తీసి కంపెనీ యజమాని చేతిలోనే పెట్టేశాను.

కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. ఉద్యోగుల్లో ఉత్సాహం తగ్గిందని, నాలుగు మంచి మాటలు చెప్పమని రిటైరైన విలేకరినైన నన్ను పిలిచారు. పత్తికొండ రైతులకు టమోటా ధరలు తెలిపే యాప్ తయారు చేస్తున్నారట. మార్కెట్‌కు ఎన్నిసార్లు వెళ్లారని అడిగాను.

"ఏడాదిగా చేస్తాండాం సార్, ఒక్క రైతునూ చూడలేదు. ఒక్కరోజు పోయొస్తామన్నా పంపరు," అంది షహీనా అనే అమ్మాయి.

"ఆ గంపల మధ్య ఏముండాదమ్మా? సార్ చెప్పేది విని చప్పట్లు కొట్టు," అని యజమాని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. "వీళ్లకు నా ఉపన్యాసం ఎందుకప్పా? పత్తికొండ బస్సెక్కించు, చాలు," అంటూ శాలువా తీశాను.

తర్వాత ఇంకో వక్తను పిలిచారని విన్నాను. షహీనా ఇప్పటికీ ఆ మార్కెట్ చూడలేదు.