కాక కిరాయికి తీసుకున్న పడవ

పోయిన ఆదివారం గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చింది. మా పక్క క్వార్టర్ కాక ఇక లేడు. "నిద్రలనే పోయిండు బిడ్డా, ఎవ్వరికీ తిప్పలు పెట్టలే," అంది ఆయన భార్య, నేను చిన్నమ్మా అని పిలిచే మనిషి. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు ఒక ప్రశ్న వచ్చింది. యాభై ఏళ్లుగా అడుగుదామనుకుని అడగకుండా దాచుకున్న ప్రశ్న. ఆ పడవ ఎందుకు కాకా? ఇలాంటప్పుడు ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

డెబ్బైల మొదట్లో నేను గని టైమాఫీసులో కొత్త గుమాస్తాని. కాక గనిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, అది ఉంటుందో ఊడుతుందో చెప్పేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. గుమ్మడికాయ కొన్నా, కుండ కొన్నా తట్టాల్సిందే. నేను కొత్త కుర్చీ కొంటే దాన్నీ తట్టి, "రెండేండ్ల కంటె ఎక్కువ ఆగది కొడుకా," అన్నాడు. ఏడాదిన్నరకే విరిగింది. ఆ ఆర్నెల్లు నా బరువు ఖాతాలో వేశాడు.

ఒకరోజు మొదటి షిఫ్టు దిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు.

"తెరచాప పడవ ఒకటి కిరాయికి మాట్లాడిన. నువ్వు తాడు పట్టాలె."

"ఎక్కడికి కాకా?"

"మీ చిన్నమ్మ తల్లిగారింటికి."

ఆ ఊరు గోదావరి ఒడ్డునే, మంథని దిక్కున ఉంది. బస్సు పోతుంది. అయినా పెళ్లయిన ఏడేళ్లలో చిన్నమ్మ ఒక్కసారీ పోలేదు. ఇప్పుడేమో తల్లి మంచం పట్టిందని కబురొచ్చింది. అలాంటప్పుడు జల్ది బస్సెక్కాలి గానీ, ఎన్నడూ పడవ ముట్టని మనిషి నడపడం నేర్చుకుని బయల్దేరతాననడమేమిటి? పోనీ పడవాయననే తోలమనొచ్చు కదా?

"అల్లుణ్ణి నేను. నేనే తీస్కపోవాలె," అన్నాడు. నాకు తలా తోకా దొరకలేదు. పక్క వాకిట్లో ఉన్న చిన్నమ్మ వైపు చూస్తే ఆమె బొగ్గుల పొయ్యి ఊదుతూ తల ఎత్తలేదు.

పడవ ఒక ముసలి బెస్తాయనది. నేర్చుకుంటేనే ఇస్తానన్నాడు. "పోయేటప్పుడు నీళ్ళు తీస్కపోతయ్. వచ్చేటప్పుడు తూర్పుగాలి తెస్తది. నడుమ మీరు అడ్డం పడకుంటె సాలు," అన్నది ఆయన మొదటి పాఠం. అప్పటినుంచి కాక రోజూ కాలనీలో పొయ్యిల పొగ ఎటు పోతోందో చూసి, గోడ మీద బొగ్గుతో గీతలు గీశాడు. ఒక్కో ఇంటి పొగ ఒక్కో దిక్కుకు పోయేది. "కింద బొగ్గుబాయిల గాలి ఫ్యాన్ చెప్పినట్టు ఇంటది. ఈ గాలికి మేస్త్రీ ఎవడు?" అని నెత్తి పట్టుకున్నాడు.

అసలు తప్పు మాత్రం మేమిద్దరం కలిసి చేసిందే. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగేచోట గంట ఒకసారి మోగితే ఆగాలి, రెండుసార్లయితే లాగాలి, మూడుసార్లయితే వదలాలి. పడవలోనూ అదే లెక్క పెట్టాడు కాక. ఆయన చుక్కాని దగ్గర కూర్చుని చెక్క మీద తడతాడు, నేను తెరచాప తాడు పట్టుకుని వింటాను. రెండో ఆదివారం నడి ఏట్లో ఒక్కసారిగా గాలి విసిరింది. కాక భయపడి ఒక్కటే తట్టాడు. ఆగమంటే ఆగాలి కదా! నేను తాడు గట్టిగా బిగబట్టి కదలకుండా కూర్చున్నాను. పడవ పక్కకు ఒరిగింది, నీళ్లు లోపలికి వచ్చేశాయి.

పడవ ముందు కొసన కూర్చున్న ముసలాయన దూకి వచ్చి నా చేతిలోంచి తాడు గుంజి వదిలేశాడు. "ఇడువుండ్రయ్యా! గాలిని ఆపుతరా మీరు? తాడిడిస్తె అదే పోతది!"

ఒడ్డుకొచ్చాక కాక తడిసిన అంగీ విప్పి పిండుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "గంట కొట్టినా ఆగనిది ఒకటుంటదని నాకెరుక లేదు కొడుకా," అన్నాడు.

ఇంకో నాలుగు ఆదివారాలు తడిసి, చివరికి ఒక తెల్లవారుజామున బయల్దేరాం. ముందు చిన్నమ్మ, నడుమ నేను, వెనక కాక. నీళ్లు మమ్మల్ని చెప్పినట్టే తీసుకుపోయాయి. ఎండెక్కేసరికి ఆ ఊరి రేవు వచ్చింది. కాక వెదురుగడ నాటి పడవను కట్టేశాడు. చిన్నమ్మ చీర ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగి, పరుగులాంటి నడకతో పోయింది. నేనూ దిగాను. కాక దిగలేదు.

"రా కాకా!"

"పడవను ఎవరు చూస్తరు?"

"కట్టేశావు కదా?"

కట్టిన ముడినే మళ్లీ బిగించాడు. తల్లిని చూడ్డానికి పెళ్లాన్ని ఇంత కష్టపడి తెచ్చిన మనిషి, గుమ్మం దాకా రాడేమిటి? భయమా, పంతమా? ఆ తర్వాత నా కళ్లతో చూసింది నన్ను ఇంకా గందరగోళపెట్టింది.

మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు చిన్నమ్మను అడిగేశాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

"మా నాయిన బొగ్గుబాయిలనే పోయిండు. మళ్ళ బాయిమనిషినే చేసుకున్ననని నన్ను కన్న మా అవ్వకు కోపం. 'ఈ ఊరి మన్ను తొక్కితివా, నామీద ఒట్టు' అన్నది మీ కాకతోని. నువ్వొక్కదానివే పోయిరా అని ఈయనంటడు. నువ్వు రాని ఊరికి నేను పోనని నేనంట. అవ్వ మంచాన పడ్డంక ఒట్టు తప్పితె పోతదేమో అని ఈయనకు ఇంకింత భయం. మన్ను తొక్కద్దన్నది గానీ, నీళ్ళ మీద రావద్దన్లేదు గద!"

అప్పుడు గానీ నేను ఆరోజు చూసింది నాకు కనబడలేదు.

నలుగురు మనుషులు నులకమంచం మీద చిన్నమ్మ తల్లిని రేవుకు మోసుకొచ్చారు. ఇసుకలో దించబోతే, "ఇంక లోపటికి," అంది ఆమె. మోకాటి లోతు నీళ్లలో, పడవ పక్కనే మంచం దించారు. కాక అంచు మీంచి వంగి రెండు చేతులూ చాపాడు. బొగ్గుపెళ్లలు గీరి నీలం మచ్చలు మిగిలిన చేతులు. చూపు ఆనని ఆమె ఒక్కో మచ్చనూ వేలితో తడిమింది.

"ఆకలైతుందా బిడ్డా?"

కాక తల ఊపాడు. ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "అయితుందత్తా," అన్నాడు.

ఒడ్డు నుంచి చిన్నమ్మ రొట్టెల గిన్నె నెత్తిన పెట్టుకుని, నీళ్లలో నడుచుకుంటూ వస్తోంది.