మా ఆయనకు లేని రాళ్లు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఉద్యోగులమంతా పని ఆపేసిన రోజులవి. ఎల్.బి.నగర్ చౌరస్తా టెంటులో నన్ను మాట్లాడమని మైకు ఇచ్చారు. మన యాసకు సిగ్గుపడొద్దు, మన తిండికి సిగ్గుపడొద్దు, మన కల్లుకు సిగ్గుపడొద్దు అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. కల్లు అన్న మాట నోట్లోంచి వచ్చిన దగ్గర్నుంచి నాకు నోరూరుతూనే ఉంది.

నల్గొండ పల్లెలో పుట్టినదాన్ని. మా ఇంట్లో ఆడా మగా అందరం కలిసి కూర్చుని తాగేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌కు కాపురం వచ్చాక మాత్రం ముట్టలేదు. సిటీలో కల్లు దుకాణాలు మూతపడ్డాయన్నది పైకి చెప్పుకునే సాకు. అసలు సంగతి మా ఇంటి ఓనరమ్మ. గుంటూరు మనిషి, మంచిదే. "మీ వైపు ఆడాళ్లు కూడా తాగుతారంటగా?" అని ఒకసారి అడిగింది. "మా ఇంట్లో అలాంటివి లేవండీ" అన్నాను. ఆవిడ యాసలోనే అన్నాను.

మర్నాడు పొద్దున టెంటుకు పోతున్నానని మా ఆయనకు చెప్పి ఒక్కదాన్నే స్కూటీ తీశాను. టెంటులో వాళ్ల కంటపడకుండా సందుల్లోంచి ఎల్.బి.నగర్ దాటి, హయత్‌నగర్ అవతల హైవే ఎక్కాను. అక్కడక్కడా తాటిచెట్ల కింద లొట్లు పెట్టుకుని కల్లు అమ్ముతుంటారు. సాయంత్రం దాకా ఒక్కో చోటా ఆగుతూ, అన్నిచోట్లా రుచి చూడాలని గొప్ప ప్లానే వేసుకున్నాను.

మొదటి చోట అందరూ మగవాళ్లే. స్కూటీ ఆపి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా "ఆఁ, ఒస్తున్న" అనేసి కదిలిపోయాను.

రెండో చోట ఒక ముసలామె అమ్ముతోంది. నాకోసమే అని చెప్పడానికి నోరు రాలేదు. "మా ఆయనకు కిడ్నీల రాళ్లున్నయి. కల్లు తాపమన్నరు" అన్నాను. పాపం జాలిపడింది. "అయితే గీ పులిసింది ఒద్దు బిడ్డా. పొద్దుగాల దింపిన తియ్యటిది పోస్త" అని నా వాటర్ బాటిల్ నింపింది. నాకు కావలసింది ఆ పులిసిందే. ఆడిన అబద్ధానికి తీపి కల్లు తీసుకోక తప్పలేదు. "మూత గట్టిగ పెట్టకు, పొంగుతది" అని వెనక నుంచి చెప్పింది.

మూడో చోట ఐదారుగురు ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని, తాటాకు దొప్పల్లో తాగుతూ ఉడకబెట్టిన శనగ గుడాలు తింటున్నారు. ఒకామె పక్కకు జరిగి, నేల మీద పుల్లాపుడకా చేత్తో ఊడ్చి, "రా అక్కా, కూసో" అంది. కూర్చుంటే అయిపోయేది. ఇస్త్రీ చీర, భుజాన హ్యాండ్‌బ్యాగు, ఆఫీసరమ్మ వాలకం. "లేదమ్మా, మా ఆయనకు రాళ్లుంటే..." అని మళ్లీ అదే పాట ఎత్తుకున్నాను. జరిగిన మనిషి తిరిగి తన చోటికి సర్దుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఒక్క చుక్క తాగకుండా వెనక్కి తిరిగాను. ఓనరమ్మకు వాసన తగలకూడదని బాటిల్ మూత బలమంతా పెట్టి బిగించి, సీటు కింద డిక్కీలో పెట్టాను. కల్లు తాగే ఇంట్లో పెరిగినదాన్ని, బిగిస్తే పొంగుతుందని నాకు తెలియక కాదు.

తిరుగుదారిలో ఎల్.బి.నగర్‌లో తప్పించుకునే వీల్లేకపోయింది. టెంటు ముందు వంటావార్పు, రోడ్డంతా పొయ్యిలు. మావాళ్లు చూసి చేతులూపారు. స్టాండు వేశానో లేదో డిక్కీలో ఢామ్మంది. సందుల్లోంచి తెల్లటి నురగ కారి రోడ్డు మీద పడింది. వాసన గుప్పుమంది. అందరూ ఇటు తిరిగారు.

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది మా పక్క మండలమే. చేతిలో గరిటెతోనే వచ్చి వాసన పీల్చింది.

"కల్లా అక్కా? మా అమ్మ యాదికొస్తున్నది. ఏమన్న మిగిలిందా? జర నాకు పొయ్యవా?"

అందరి ముందూ, మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగింది. సీటు ఎత్తి చూస్తే బాటిల్‌లో సగం ఇంకా ఉంది.

"ఇది మీ బావ కోసమే. ఆయనకు కిడ్నీల రాళ్లు" అన్నాను. నేను మైకు పట్టుకున్న చోటు అక్కడే, నా ఎదురుగానే ఉంది.

"అయ్యో, అట్లనా. అయితే ఒద్దులే అక్కా, బావకే ఉంచు" అని చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు టెంటులో నా ఒళ్లో ఒక సంచి పెట్టింది. "ఉలవలు అక్కా. మా చేన్లయి. చారు కాచి తాపు, బావకు రాళ్లు కరుగుతయి."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదని తెలుసు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "ఇయ్యాల్నే కాస్త" అన్నాను.

కాసేపటికి నన్ను మాట్లాడమని మళ్లీ మైకు చాపారు. గొంతు బాగాలేదన్నాను. ఆ అమ్మాయి గబగబా లేచి వెళ్లి, నాకోసం వేడినీళ్లు పట్టుకొచ్చింది.