పెన్సిల్‌తో వేసిన తేదీ

స్కాన్ సెంటర్లో అందరూ ఆమెను ప్లగ్గు పిన్ని అంటారు. స్కాన్ బొమ్మలు దాచే డ్రైవ్‌లను చూసుకోవడం ఆమె పని. కొత్త డ్రైవ్ ఏది వచ్చినా, అది పనిచేస్తుండగా ప్లగ్గు పీకి చూడందే అల్మరాలో పెట్టదు.

ఆమె ఇక్కడికి ఫైళ్ళు మోయడానికి వచ్చింది. ఈ విద్య ఎవరూ నేర్పలేదు. విప్పి చూసి, పాడుచేసి నేర్చుకుంది. డ్రైవ్ "రాసేశాను" అంటుంది గానీ, చివరి ముక్క ఇంకా దాని చేతిలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే ఆ ముక్క గల్లంతే. మంచి డ్రైవ్‌లో బుల్లి కెపాసిటర్లు ఉంటాయి. అవి దాచిన కాస్త కరెంటుతో, డ్రైవ్ తన చేతిలోది రెప్పపాటులో రాసేసి మరీ ఆరిపోతుంది.

అది నిజమో కాదో తేల్చడానికి పిన్ని డ్రైవ్ చేత వరసగా అంకెలు రాయిస్తుంది. రాశానని అది చెప్పిన ప్రతి అంకె పక్క కంప్యూటర్లో పడుతుంది. మధ్యలో ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి, చివరి అంకె డ్రైవ్‌లో ఉందో లేదో చూస్తుంది. అలా నలభై సార్లు. నెగ్గితే ఇంకుతో తేదీ వేసి చీటీ అంటిస్తుంది.

"బంగారంలాంటి డ్రైవ్‌లను చంపుతావేంటి పిన్నీ?" అని టెక్నీషియన్ ఏడిపించేవాడు.

"నా చేతిలో చస్తే బాధ లేదు. నీ చేతిలో చస్తేనే కష్టం."

ఒక మధ్యాహ్నం యూపీఎస్ బ్యాటరీలు మారుస్తుండగా కరెంటు పోయింది. అప్పుడే ఒక నాలుగేళ్ళ పాపకు మత్తిచ్చి తల స్కాన్ తీశారు. డ్రైవ్ "రాసేశాను" అనగానే స్కాన్ మెషిన్ తన దగ్గరున్న బొమ్మలు చెరిపేసింది. తీరా చూస్తే డ్రైవ్‌లో సగమే ఉన్నాయి.

పిన్ని ఆ డ్రైవ్ బయటికి తీసింది. చీటీ మీద తన రాతే, రెండేళ్ళ కిందటి తేదీ. అంకెలు పెట్టి చూసింది. మూడో పీకుడుకే డ్రైవ్ ఓడిపోయింది. వేడి అల్మరాలో కెపాసిటర్లు ఎండిపోయాయి. కొత్తప్పుడు నెగ్గింది కదా అని ఆమె మళ్ళీ ముట్టుకోలేదు.

"కరెంటు పోయిందని చెప్పేద్దాం పిన్నీ, అబద్ధం కాదుగా," అన్నాడు మేనేజరు.

"కరెంటు పోతుందనే కదండీ నన్ను పెట్టుకున్నారు."

బయట బెంచీ మీద పాప తల్లి, చిన్న చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బొమ్మలు సగం పోయాయమ్మా. డ్రైవ్ పాతబడింది, నేను చూసుకోలేదు. ఎల్లుండి మళ్ళీ తియ్యాలి."

"మళ్ళీ మత్తా?" తల్లి లేచింది. "ఇందాక కళ్ళు తెరిచి నన్నే ఎవరో అన్నట్టు చూసిందక్కా. మీ డబ్బాను నమ్మి మళ్ళీ ఎలా పడుకోబెట్టను?"

"నమ్మొద్దు. పాప కంటే ముందు మీరు లోపలికి రండి, చూపిస్తాను."

మూడోరోజు పొద్దున్నే పిన్ని బొమ్మలన్నిటికీ నకళ్ళు తీసిపెట్టి, అల్మరాలోని డ్రైవ్‌లను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టింది. ఇంకొకటి ఓడింది. దాన్ని పక్కన పడేసింది.

"బయట జనం ఆగిపోయారు, మీరేమో వైర్లతో ఆడుకుంటున్నారు!" డాక్టరు గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"పాప బొమ్మలు వెళ్ళేది ఇందులోకే. ఇంకో పదకొండు పీకుళ్ళు, డాక్టరుగారూ."

తల్లి పక్కనే నిలబడి ప్రతిసారీ రెండు తెరల మీది చివరి అంకెలు పోల్చి చూస్తోంది. ముప్పై తొమ్మిదోది అయ్యాక అడిగింది, "ఈసారి నేను పీకనా?"

"పీకండి. మెల్లగా కాదు, నా మీద కోపమంతా పెట్టి పీకండి."

పీకింది. ప్లగ్గు చేతిలోకి ఊడొచ్చింది. మళ్ళీ పెట్టారు. తెర వెలిగింది. చివరి అంకె ఉంది.

తల్లి బయటికి వెళ్ళి, స్కాన్ కోసం పాప చెప్పులు విప్పింది.

ఆ రోజు కరెంటు పోనేలేదు. బొమ్మలన్నీ వచ్చాయి. పిన్ని కొత్త చీటీ అంటించి, ఈసారి పెన్సిల్‌తో తేదీ వేసింది. వచ్చే నెల చెరిపి మళ్ళీ వెయ్యాలి.